పుస్తకం సరే, చేతికిచ్చింది ఎవరు?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత గ్రంథపాలకుడు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం వాన వల్ల రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారు ముందుకు రావచ్చు. మన సభల్లో ముందు వరసలు ఎందుకో ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. బడిలో పట్టుకున్న భయం అనుకుంటాను. రండి, నేను ప్రశ్నలు అడగను. అడిగినా జవాబు కూడా నేనే చెబుతాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘జీవితాన్ని మార్చిన పుస్తకాలు’. కరపత్రంలో కూడా అదే అచ్చయింది. సరేనన్నాను గానీ, ఆ మర్నాటి నుంచీ ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. ముప్పై రెండేళ్లు పుస్తకాలిచ్చే బల్లకు ఇవతల కూర్చున్నవాణ్ణి నేను. వేలమంది పుస్తకాలు పట్టుకెళ్లారు, తెచ్చి ఇచ్చారు. తెచ్చి ఇస్తున్నప్పుడు ముఖం చూడటం నాకు అలవాటు. జీవితం మారిన ముఖాలు ఎన్ని కనిపించాయి అంటారా? చాలామంది ముఖాల్లో నాకు కనిపించింది ఒక్కటే. గడువు దాటిపోయింది, ఈయన జరిమానా ఎంత వేస్తాడో అని!

నవ్వకండి, నిజం చెబుతున్నాను. ఎవరైనా ఫలానా పుస్తకం నా జీవితాన్ని మార్చేసింది అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. వృత్తి దోషం. మారింది సరే, మర్నాడు పొద్దున లేచి ఏం చేశావు నాయనా? కాఫీ తాగి, పేపరు చదివి, నిన్నటి పనికే వెళ్లావా? అయితే పుస్తకం నీకు నచ్చిందన్నమాట. నచ్చడం వేరు, మార్చడం వేరు. నచ్చడం కూడా మంచిదే, నేను కాదనను. కానీ రెండూ ఒకటి కాదు.

మర్నాడు పొద్దున లేచి ఏం చేశారో మనకు స్పష్టంగా తెలిసిన మనిషి ఒకరున్నారు. గాంధీ గారు. ఆయన ఆత్మకథ చాలామంది చదివే ఉంటారు, బహుమతిగా వచ్చి ఇంట్లో ఉండి చదవనివారు కూడా ఉంటారు. అందులో నాలుగో భాగంలో ఉంటుంది ఈ సంగతి. 1904. జోహానెస్‌బర్గ్ స్టేషను. డర్బన్ వెళ్లే రైలు. అప్పటికి ఆయన మహాత్ముడు కాదు, ఆదాయం బాగా ఉన్న వకీలు. డర్బన్‌కు ఎందుకు వెళుతున్నారు? తత్వం కోసం కాదండీ. అక్కడ ఆయన నడిపిస్తున్న పత్రిక, ‘ఇండియన్ ఒపీనియన్’, దాని లెక్కలు బాగాలేవు, బాకీలు పేరుకున్నాయి అని ఉత్తరం వచ్చింది. ఆ అప్పుల గొడవ చూడటానికి వెళుతున్నారు. రైలు దగ్గరకు వచ్చిన ఒక స్నేహితుడు దారిలో చదువుకోండి, మీకు తప్పకుండా నచ్చుతుంది అని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. జాన్ రస్కిన్ అనే ఇంగ్లీషు రచయిత రాసిన ‘అంటు దిస్ లాస్ట్’. నిజానికి అది పెద్ద పుస్తకమేమీ కాదు, నాలుగు వ్యాసాలు. 1860లో ఒక పత్రికలో వస్తుంటే పాఠకులు గోల చేశారు, సంపాదకుడు నాలుగింటితో ఆపించేశాడు. అలా గోల పుట్టించిన పుస్తకం అది.

ఇరవై నాలుగు గంటల ప్రయాణం. మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయాను అని రాశారు. సాయంత్రానికి డర్బన్ చేరారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పుస్తకంలో ఆయన తెలుసుకున్నవి మూడు ముక్కలు. అందరి మేలులోనే ఒక్కడి మేలు ఉంది. వకీలు పనికి ఎంత విలువో మంగలి పనికీ అంతే విలువ, ఎందుకంటే పని చేసుకుని బతికే హక్కు ఇద్దరికీ ఒకటే. ఒళ్లు వంచి పనిచేసే బతుకే, అంటే దుక్కి దున్నేవాడి బతుకు, చేతిపనివాడి బతుకే బతకదగినది. ఇవి చెప్పి ఆయన ఏమంటారో వినండి. మొదటిది నాకు తెలుసు. రెండోది మసకగా తెలుసు. మూడోది నాకెప్పుడూ తోచలేదు. చూశారా, ఎంత లెక్కగా చెప్పారో! పుస్తకమంతా నాకు కొత్తే అనలేదు. అంతా నాకు ముందే తెలుసు అనీ అనలేదు.

సరే, మర్నాడు పొద్దున? తెల్లవారగానే లేచి ప్రెస్సు చూస్తున్న వెస్ట్ అనే ఇంగ్లీషు స్నేహితుడి దగ్గర కూర్చున్నారు. ప్రెస్సును ఊరి నుంచి ఎత్తేసి ఒక పొలానికి తీసుకుపోదాం, అందరం కాయకష్టం చేద్దాం, తెల్లవాడైనా నల్లవాడైనా అందరికీ నెలకు ఒకటే జీతం, మూడు పౌన్లు. ఊహించుకోండి. అప్పుల లెక్క చూస్తాడనుకున్న మనిషి వచ్చి ప్రెస్సునే పొలంలో పెడదాం అంటున్నాడు! వెస్ట్ ఒప్పుకున్నాడు. ఫీనిక్స్ అనే స్టేషను దగ్గర మొత్తం వంద ఎకరాలు, వెయ్యి పౌన్లకు కొన్నారు. చిన్న ఊట, కొన్ని నారింజ చెట్లు, మామిడి చెట్లు, మనిషెత్తు గడ్డి, గడ్డి నిండా పాములు.

అందరూ రైలు దాకా చెప్పి ఆపేస్తారు. నాకు ఇష్టమైనది ఆ తరవాతి రాత్రి. ఫీనిక్స్‌లో మొదటి సంచిక అచ్చువేసే రాత్రి. ఆయిల్ ఇంజను తెచ్చి పెట్టారు. ఎందుకైనా మంచిదని చేత్తో తిప్పే చక్రం కూడా పెట్టించారు గాంధీ గారు. సరిగ్గా ఆ రాత్రే ఇంజను మొరాయించింది. ఎంత చూసినా కదలదు. పొద్దునకల్లా పత్రిక బయలుదేరాలి. చక్రం తిప్పాలంటే నలుగురు మనుషులు కావాలి, ఉన్నవాళ్లంతా అలిసిపోయారు. అక్కడే ప్రెస్సులో వడ్రంగులు నేల మీద పడి నిద్రపోతున్నారు. వాళ్లనేం లేపుతాం అని వెస్ట్ మొహమాటపడ్డాడు. గాంధీ గారు వెళ్లి లేపారు. అవసరానికి పనికిరాకపోతే మేమెందుకు, మీరు కాసేపు పడుకోండి, మేం తిప్పుతాం అన్నారట వాళ్లు. వెస్ట్ ఏదో భక్తి పాట ఎత్తుకున్నాడు. వంతులు వేసుకుని తెల్లవారి ఏడు గంటల దాకా తిప్పారు. అప్పటికీ పని మిగిలే ఉంది. ఇంకోసారి ఇంజను చూడండి అంటే, చెయ్యి వెయ్యగానే తిరిగింది! యంత్రానికి కూడా మనలాగే ఒక్కోసారి విశ్రాంతి కావాలేమో అన్నారట, వెస్టో ఇంజను మనిషో.

పుస్తకం జీవితాన్ని మార్చడం అంటే నా దృష్టిలో అదీ. డర్బన్‌లో ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం కాదు. ఆ తరవాత కొన్నాళ్లకు, వకీలూ వడ్రంగీ ఒక చక్రాన్ని కలిసి తిప్పడం.

ఇక నన్ను పట్టి పీడించే సంగతి దగ్గరకు వస్తాను. స్టేషనులో పుస్తకం ఇచ్చినవాడు ఎవరు? పేరు గుర్తున్నవారు చెయ్యి ఎత్తండి. ఒక్కరు... ఇద్దరు. మాస్టారు గారు ఎత్తుతారని నాకు తెలుసు. హెన్రీ పోలాక్. అప్పటికి ఇరవై రెండేళ్ల కుర్రాడు. జోహానెస్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు గాంధీ గారు పత్రికలో రాసిన ఉత్తరం చదివి, శాకాహార భోజనశాలలో ఆయన కనిపిస్తే, మీ బల్ల దగ్గరకు రావచ్చా అని చీటీ పంపించి పరిచయం చేసుకున్నాడు. ఆ కుర్రాడు ఆ సాయంత్రం బద్ధకించి ఉంటే? స్టేషను దాకా ఎందుకులే అనుకుని ఉంటే? ఇంకేదో పుస్తకం మార్చి ఉండేది లెండి అంటారు మీరు. ఏమో, కావచ్చు. కానీ రస్కిన్ పేరు చెప్పినప్పుడల్లా పోలాక్ పేరు కూడా చెప్పాలి అంటాను నేను. రస్కిన్ గాంధీ కోసం రాయలేదు. ఆయనకు గాంధీ ఎవరో తెలియదు. ఈ మనిషికి ఈ పుస్తకం అని లెక్క వేసినవాడు పోలాక్. ఆ లెక్క వేయడం మా వృత్తి. అందుకే నాకు ఈ అభిమానం, దాచుకోను.

అయితే అన్ని పుస్తకాలూ రాత్రికి రాత్రి పనిచేయవు. అంబేడ్కర్ గారి సంగతి చూడండి. ‘బుద్ధుడు - ఆయన ధర్మం’ కోసం రాసుకున్న ముందుమాటలో ఆయనే చెప్పారు. చిన్నతనంలో ఇంగ్లీషు చదువులో ఒక పరీక్ష పాసయ్యారు. వాళ్ల కులంవాళ్లకు అది పండగ. సభ పెడతాం అన్నారు. తండ్రి రాంజీ గారు వీల్లేదన్నారు, పిల్లవాడి తల తిరిగిపోతుందని. వాళ్లు వెళ్లి కేలూస్కర్ అనే పెద్దమనిషిని పట్టుకున్నారు. తండ్రికి స్నేహితుడు, రచయిత. ఆయన నచ్చజెప్పి ఒప్పించారు, సభకు వచ్చారు. సభ చివర, తాను మరాఠీలో రాసిన బుద్ధ చరిత్ర ఒక ప్రతి ఆ పిల్లవాడి చేతిలో పెట్టారు.

ఇంటికి వచ్చి చదివాడు పిల్లవాడు. చదివి ఊరుకోలేదు, తండ్రిని అడిగాడు. మనకు రామాయణ భారతాలే ఎందుకు చదివిస్తున్నావు? బౌద్ధ గ్రంథాలు ఎందుకు చూపించలేదు? తండ్రికి ఆ ప్రశ్న నచ్చలేదు. చిన్నవాళ్లు, చెప్పినట్టు వినండి అన్నారు. పిల్లవాడు మళ్లీ ధైర్యం చేసి అడిగాడు. అప్పుడు తండ్రి చెప్పిన జవాబు నేను చదివిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగుతాను. మనం అంటరానివాళ్లం, మనం తక్కువ అన్న భావం మీలో పాతుకుపోతుంది, ఆ భావం పోవడానికే చదవమంటున్నాను అన్నారు. ద్రోణుణ్ణి చూడు, కర్ణుణ్ణి చూడు, ఎక్కడ పుట్టి ఎంత ఎత్తుకు ఎదిగారో. వాల్మీకిని చూడు. ఒకే పుస్తకాన్ని ఆ తండ్రి ఒక మందుగా ఇస్తున్నాడు, కొడుక్కి ఆ మందు పట్టడం లేదు. తండ్రి మాటలో కొంత బలం ఉందనుకున్నాను గానీ తృప్తి కలగలేదు, భారతంలో ఏ పాత్రా నాకు నచ్చలేదు అని రాశారు అంబేడ్కర్ గారు. తండ్రిది తప్పా? నేను అలా అనలేను. అదీ ఒక చేతే కదా, పుస్తకం ఇచ్చిన చేతే.

ఆ బుద్ధ చరిత్ర ఎప్పుడు ఫలించింది? నాగపూర్‌లో, 1956 అక్టోబరు 14న, ఆయన బౌద్ధం స్వీకరించిన రోజున. మధ్యలో ఎంత జీవితం! కొలంబియా, లండన్, మహద్ చెరువు పోరాటం, రాజ్యాంగం. అన్నేళ్లూ కేలూస్కర్ ఇచ్చిన పుస్తకం లోపల ఎక్కడో కూర్చునే ఉంది. కాబట్టి మర్నాడు పొద్దున ఏం చేశావు అని ఇందాక నేను అడిగిన ప్రశ్న పూర్తిగా సరైనది కాదు. నా మాట నేనే వెనక్కు తీసుకుంటున్నాను, సగం. కొందరికి మర్నాడు పొద్దున రావడానికి యాభై ఏళ్లు పడుతుంది.

మంచినీళ్లు ఇటు ఇవ్వండి. వాన పెద్దదయింది, వెనకవారికి వినిపిస్తోందా?

మూడో మనిషి దగ్గరకు వస్తాను. ఈయన కథలో ఒక వంటవాడు ఉన్నాడు, అందుకే నాకు ఇంకా ఇష్టం. రష్యన్ రచయిత గోర్కీ. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు, తాత బతుకు చూసుకో అని బయటికి పంపాడు. వోల్గా నది మీద ‘దోబ్రీ’ అనే ఆవిరి పడవలో గిన్నెలు కడిగే పని. ఆ పడవ వంటవాడు స్మూరీ. భారీ మనిషి, కోపిష్ఠి, అందరికీ హడలు. ఆయన గదిలో ఒక పెట్టె, దాని నిండా పుస్తకాలు. పని తీరినప్పుడు కుర్రాణ్ణి పిలిచి చదువు అనేవాడు. తాను పడుకుని వినేవాడు. అర్థం కాకపోతే ఏడుసార్లు చదువు, ఏడుసార్లకీ కాకపోతే పన్నెండుసార్లు చదువు అనేవాడట. ఒకసారి గోగోల్ రాసిన ‘తరాస్ బుల్బా’ చదివిస్తే ఆ కోపిష్ఠి మనిషి ఏడ్చేశాడు.

తరవాత కొన్నేళ్లకు, ఆ కుర్రాడు పండగ నాడు ఒక కొట్టాం కప్పు మీదికెక్కి కూర్చుని ఒక కథ చదివాడు. ఎక్కడైనా ఎక్కుతారు మరి, పండగ సందడిలో ఉన్న జనానికి దొరక్కుండా ఉండాలంటే! ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ కథ. ఒక వంటమనిషి కథ. పెద్ద సంఘటనలేమీ ఉండవు. ఒక పనిమనిషి బతుకు, అంతే. చదివి దిమ్మెరపోయాడు. అన్నీ నాకు తెలిసిన మాటలే, ఎందుకు ఇలా పట్టేశాయి? ఇందులో ఏదో గారడీ ఉందని అనుమానం వచ్చి, పుస్తకం కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు! అక్షరాల మధ్య ఏదైనా దాచారేమో అని. ఇది ఆయనే రాసుకున్నాడు. మీలో ఎంతమంది నోటు అసలుదో నకిలీదో అని వెలుతురుకు పట్టి చూస్తారు? అందరూ చూస్తారు. పుస్తకాన్ని అలా చూసినవాడు నాకు ఈయన ఒక్కడే తెలుసు.

అలాంటి గోర్కీ రాసిన ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు గారు తెలుగులోకి తెచ్చారు. ఇక్కడ కూర్చున్న పెద్దవారిని మీ జీవితాన్ని మార్చిన పుస్తకం ఏదని అడిగితే, ఒకరిద్దరైనా ఆ పేరు చెబుతారని పందెం కాస్తాను. తల ఊపుతున్నారు చూడండి. వోల్గా మీద ఒక వంటవాడి పెట్టెలోంచి బయలుదేరిన దారి అది, మన ఊళ్ల దాకా వచ్చింది.

వంటవాడు అన్నాను కాబట్టి మనవాడు ఒకాయన్ని తలుచుకోకుండా ముందుకు పోలేను. వట్టికోట ఆళ్వారుస్వామి గారు. నల్లగొండ జిల్లా మనిషి, 1915లో పుట్టారు. పేదరికం. ఒక ఉపాధ్యాయుడికి వండిపెడుతూ ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నారు. వంట చేస్తూ చదువుకున్నవాడు ఏం కావాలి? మామూలుగా అయితే ఒక గుమాస్తా ఉద్యోగం వెతుక్కోవాలి. ఈయన 1938లో సికింద్రాబాదులో ‘దేశోద్ధారక గ్రంథమాల’ పెట్టారు. పుస్తకాలు అచ్చువేశారు. అచ్చువేసి కొట్లో కూర్చోలేదు, నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం అమ్మడం అంటే కూరగాయలు అమ్మినంత తేలిక కాదు. జైలుకు వెళ్లారు. జైల్లో చూసిన మనుషుల మీద కథలు రాశారు, ‘ప్రజల మనిషి’ నవల రాశారు. ఆయన రాసిన పుస్తకాల గురించి సభలు జరుగుతాయి, జరగాలి. కానీ ఆయన నెత్తి మీద మోసి ఎవరెవరి చేతుల్లో పెట్టారో ఆ పుస్తకాల లెక్క ఏ సభలో తేలుతుంది?

అటువైపు కృష్ణా కాలువల మీద 1935లో పడవ గ్రంథాలయం నడిచింది. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా, పాతూరి నాగభూషణం గారి పూనికతో. పడవ రేవుకు వస్తే ఊళ్లోవాళ్లు వచ్చి పుస్తకం తీసుకునేవారు. పాఠకుడు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరకు వెళ్లిన రోజులవి. ఇప్పుడు మనకు ఇంత మంచి భవనం ఉంది. ఫ్యాను తిరగదు, అది వేరే సంగతి.

ఇంతసేపూ పెద్దవాళ్ల కథలు చెప్పాను. ఇక నా బల్ల దగ్గరకు వస్తాను. ముందు నా తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు వచ్చేవాడు, తొమ్మిదో తరగతి. డిటెక్టివ్ నవలలు తీసుకెళ్లేవాడు. రోజుకొకటి. నాకు ఉత్సాహం ఎక్కువ. వీణ్ణి బాగుచేద్దాం అనుకున్నాను. డిటెక్టివ్ నవల పక్కన పెట్టించి ఒక లావుపాటి ఉద్గ్రంథం చేతిలో పెట్టాను. ఇది చదువు, జీవితం మారుతుంది అన్నాను. మారింది. మళ్లీ గ్రంథాలయానికి రాలేదు! పదిహేను రోజుల తరవాత వాళ్ల చెల్లెలు వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మొదటి ఇరవై పేజీలు మాత్రం కొంచెం నలిగి ఉన్నాయి. మీకది నవ్వొచ్చే సంగతి. నాకు ఇప్పటికీ ఆ ఇరవై పేజీలు గుర్తొస్తాయి. ఆ పిల్లవాడికి కావలసింది ఏమిటో నేను చూడలేదు. నాకు గొప్ప అనిపించింది ఇచ్చాను. ఎన్నాళ్లుగానో చదువుతున్నవాణ్ణి చదవకుండా చేసిన గ్రంథపాలకుణ్ణి నేను.

ఆ దెబ్బతో కొంత తెలివి వచ్చింది. కొన్నేళ్ల తరవాత ఒకామె రావడం మొదలుపెట్టింది. పాత పేపర్లు కిలో లెక్కన అమ్ముతారా అని అడగడానికి వచ్చింది మొదటిసారి. ఎందుకమ్మా అంటే, జాకెట్లు కుట్టడం నేర్చుకుంటున్నాను, గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు కాగితం మీద కోసి చూసుకోవాలి అంది. నేర్పించే ఆమె జాకెట్టు చేతుల కటింగు మాత్రం చూపించడం లేదట. అది నేర్పితే పక్కనే కొట్టు పెట్టేస్తుందని భయం! అన్ని వృత్తుల్లోనూ ఉంటుంది ఇది. గురువు చివరి మెలిక దాచుకుంటాడు.

మా దగ్గర ఒక కుట్టుపని పుస్తకం ఉండేది. బొమ్మలతో, కొలతల పట్టికలతో. ఎప్పుడు కొన్నారో, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. తేదీలు వేసే చీటీ తెల్లగా ఉంది. తీసి ఇచ్చాను. సభ్యత్వం డిపాజిట్టు అప్పటికప్పుడు ఆమె దగ్గర లేదు, రెండు విడతలుగా కట్టింది. చదవడం వచ్చు గానీ కూడబలుక్కుని చదువుతుంది. పదిహేను రోజులకు వచ్చి మళ్లీ ఇవ్వండి అంది. మళ్లీ పదిహేను రోజులు. ఇంకెవరూ అడగడం లేదు కాబట్టి నేనూ రాసి ఇచ్చేవాణ్ణి. ఆ చీటీ మీద వరసగా పదకొండు తేదీలున్నాయి, అన్నీ ఆమెవే. స్మూరీ పన్నెండుసార్లు చదవమన్నాడు కదా, ఒక్కటి తక్కువ.

పన్నెండోసారి మళ్లీ ఇవ్వండి అనలేదు. పుస్తకం ఇచ్చేసి, ఇంక అక్కర్లేదండీ, వచ్చేసింది అంది. అంతే. ధన్యవాదాలు లేవు, ఉపన్యాసం లేదు. వెళ్లిపోయింది. బస్టాండు రోడ్డులో మిషను పెట్టుకుంది. తరవాత రెండు మిషన్లు. మీరు అడగబోయేది నాకు తెలుసు. ఆమెను ఇక్కడికి పిలవలేదా అని. పిలిచాను. పెళ్లిళ్ల రోజులు, కుట్టడానికి చాలా ఉన్నాయి, కుదరదు అంది. నాకు అంతకంటే మంచి జవాబు దొరకదు.

ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టే ముందు తిరగేస్తే అక్కడక్కడా నీలం సుద్ద మరకలు. నిబంధన ప్రకారం పుస్తకం పాడుచేసినందుకు జరిమానా వేయాలి. వేయలేదు. పదవీ విరమణ చేశాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. చేతుల కటింగు ఉన్న పేజీలో ఒక కాగితం మడిచి ఉంది. మన గ్రంథాలయం పాత దినపత్రికే. జాకెట్టు చెయ్యి ఆకారంలో కోసి, అంచున పెన్సిలుతో అంకెలు వేసి ఉంది. ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకోటి, అదీ కొట్టేసి ఇంకోటి. మూడోది కొట్టేయలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ ఇక్కడే ఉంది, కిటికీ పక్కన రెండో బీరువాలో, కింది అరలో. కావలసినవారు సభ అయ్యాక అడిగి తీసుకోవచ్చు. ఆ కాగితం చెయ్యి మాత్రం ఉన్న పేజీలోనే ఉంచి, తిరిగి అలాగే తెచ్చి ఇవ్వండి.